పళ్లెం వైద్యం

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "మేడమ్, మీ రోజుల్లో సెన్సరీ రూములు ఎలా తయారుచేసేవారు?" అని అడుగుతారు. మా రోజుల్లో ఆ మాటే లేదు తల్లీ. శబ్దమూ స్పర్శా పడని పిల్లల్ని ఊరడించే గదిని "ఆ గది" అనేవాళ్లం, అంతే. అందులో పెట్టే సామానుకి కేటలాగులూ లేవు, కంపెనీలూ లేవు. సైకిల్ షాపు, కొబ్బరి పీచు కార్ఖానా, గోనెసంచుల కొట్టు, కలప అడితి, ఇవే మా కంపెనీలు.

నేనెప్పుడు రిటైరయ్యానో, ఏ హోదాలో రిటైరయ్యానో రాయను. అవి ఎవరికీ పనికిరావు. పనికొచ్చేది ఒకటుంది. అది రాయడానికి ఇన్నేళ్లూ సిగ్గుపడ్డాను. ఇప్పుడూ సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

ఊక తొట్టి

ఆక్యుపేషనల్ థెరపీ చదివి డెబ్భైల చివర్లో రాజమండ్రి వచ్చాను. ఆ చదువు పేరు పూర్తిగా పలికిన మనిషి మా బంధువుల్లో ఒక్కరూ లేరు. మా పెద్దమ్మయితే "అదేదో ఒళ్లు పట్టే కోర్సులే" అని అందరికీ చెప్పేసింది. ఊళ్లో కొందరు వ్యాపారస్తులు కలిసి మందబుద్ధి పిల్లల కోసం ఒక చిన్న బడి పెట్టారు. అప్పట్లో అందరూ మందబుద్ధి అన్న మాటే వాడేవారు, మా బోర్డు మీద కూడా అదే రాసి ఉండేది. పెంకుటిల్లు, వెనక ఒకప్పటి ధాన్యం కొట్టు. అందులో నాకు ఉద్యోగం.

మా పిల్లల్లో కూర్చోలేనివాళ్లు ఉండేవారు, కూర్చోబెట్టలేనివాళ్లూ ఉండేవారు. కొందరికి ఎవరైనా చెయ్యి వేస్తే చాలు, కంట్లో కారం పడ్డట్టు గింజుకునేవారు. కొందరికి శబ్దం పడదు. మనకి బస్సు హారను విసుగు, వాళ్లకి దెబ్బ. నా పని ఏమిటంటే, ఆ ఒంటికి ఏది హాయిగా ఉంటుందో కనిపెట్టి దాన్ని తయారుచేయించడం. పాత సైకిల్ ట్యూబులు మంచం పట్టెలకి అల్లి ఎగిరే మంచం చేశాం. చొక్కాలో ఇసుక సంచులు కుట్టి బరువు కోటు చేశాం. చెక్క మీద గోనె, పీచు, పట్టుగుడ్డ ముక్కలు అంటించి తడిమే పలకలు చేశాం.

తప్పులు చెయ్యలేదా అంటే, బోలెడు. విదేశీ పుస్తకంలో పిల్లల చేతుల్ని పొడి గింజల్లోనో పొట్టులోనో ఆడించమని ఉంది. మనకి పొట్టుకేం కొదవ, మిల్లు నుంచి బస్తాడు ఊక తెప్పించి తొట్టిలో పోశాను. సాయంత్రానికి పిల్లల చేతులన్నీ ఎర్రగా దద్దుర్లు. మర్నాడు తల్లులంతా గుమ్మంలో నిలబడి నన్ను కడిగేశారు. "చదువుకున్నారు కదండీ, ఊకలో చేతులు పెడితే దురద పుడుతుందని తెలీదాండీ?" అన్నారు. తెలుసు. కానీ నా చెయ్యి పెట్టి చూసుకోవాలని తోచలేదు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఏ సామానులో పిల్లల్ని కూర్చోబెట్టాలన్నా, ముందు అంతసేపూ నేను కూర్చుని చూడాలి. మీరూ అలాగే చెయ్యండి.

ఈ తప్పు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇకముందు చెప్పేది నవ్వొచ్చే రకం కాదు.

కరస్పాండెంట్ గారు

మా బడి కరస్పాండెంట్ వెంకటరత్నం గారు బియ్యం వ్యాపారి. మంచి మనిషి. మంచి మనిషి అని వెక్కిరింపుగా అనడం లేదు, నిజంగానే మంచివాడు. పిల్లల భోజనం దగ్గర ఆయనే నిలబడి నెయ్యి వేయించేవాడు. నా అనుభవంలో చెడ్డ బాసుకి ఎదురు చెప్పడం తేలిక. మంచి బాసుకి ఎదురు చెప్పాలంటే నోరు రాదు.

ఆయనకి ఒక్కటే వ్యసనం, చూపించడం. మా ప్రాంతంలో దానం చేసినవాడి పేరు ఫ్యాను రెక్కల మీద కూడా రాస్తారు, మీకు తెలిసిందే. ఫ్యాను తిరిగితే పేరు కనపడదని మూడు రెక్కల మీదా రాయించినవాళ్లున్నారు. వెంకటరత్నం గారు ఊరూరా తిరిగి కొట్ల దగ్గర చందాలు పట్టుకొచ్చేవాడు. ఇచ్చినవాళ్లు తరవాత ఎప్పుడో ఒకప్పుడు భార్యాబిడ్డలతో వచ్చేవారు. వాళ్లని కూర్చోబెట్టి, కూల్ డ్రింకులు ఇచ్చి, తిప్పి చూపించాలి.

"అంత డబ్బు పెట్టినవాళ్లకి చూపించకపోతే ఎలాగండీ?" అనేవాడాయన. "ఆయ్, వాళ్లు కళ్లారా చూస్తేనే కదండీ, ఇంకో నలుగురికి చెప్తారు."

ఆ మాటలో తప్పేముంది? నాకూ తప్పు కనపడలేదు. పైగా చూపించేది నేను. పట్టుచీర కట్టుకుని, చేతిలో చిన్న కర్ర పట్టుకుని, ఇది ఇందుకు, అది అందుకు అని చెప్పేదాన్ని. అందరూ నన్ను డాక్టరమ్మ గారూ అనేవారు. నేను డాక్టర్ని కానని ఒక్కసారి కూడా చెప్పలేదు.

సూరిబాబు

పాలకొల్లులో కిరాణా కొట్టున్న షావుకారి కొడుకు సూరిబాబు. పదేళ్లుంటాయి. మాటలు లేవు. గిన్నె జారి పడ్డా, పక్కింట్లో రేడియో పెట్టినా తన చేతిని తనే కొరుక్కునేవాడు. బొటనవేలి కింద కండ కాయ కాసిపోయి ఉండేది. కొట్టులో జనం ఉన్నప్పుడు వీధిలోకి పరిగెడతాడని, తండ్రి వాణ్ణి వెనక గొడౌనులో స్తంభానికి పంచెతో కట్టి ఉంచేవాడు.

తల్లి పేరు అన్నపూర్ణమ్మ. రాజమండ్రిలో చెల్లెలి ఇంట్లో ఉంటూ రోజూ పిల్లాణ్ణి బడికి తీసుకొచ్చేది. మొదటిరోజే అసలు సంగతి చెప్పేసింది.

"ఉమ్మడి కుటుంబం అండి మాది. మా బావగార్లూ తోడికోడళ్లూ ఇంక భరించలేమంటున్నారు. మా ఆయన దసరా దాకా చూస్తానన్నారు. అప్పటికీ ఇలాగే ఉంటే ఎక్కడో ఉత్తరాదిన ఆశ్రమం ఉందంటండి, అక్కడ వదిలేసి వస్తారంట. మాటలు రాని పిల్లాడు, ఆకలేస్తే ఎవరికి చెప్తాడండీ?"

ఏడవలేదావిడ. ఏడిస్తే బాగుండుననిపించింది నాకు.

సూరిబాబు మీద నా సామానంతా ప్రయోగించాను. బరువు కోటు విప్పి పారేశాడు. ఎగిరే మంచం ఎక్కనన్నాడు. ఒకరోజు నరసాపురం వైపు నుంచి తెప్పించిన నైలాను వలతో ఊయల కట్టించాను. రెండు కొసలూ ఒకే కొక్కేనికి తగిలిస్తే, లోపల కూర్చున్నవాణ్ణి వల అన్నివైపుల నుంచీ ఒత్తి పట్టుకుంటుంది. ముందు నేనెక్కి కూర్చున్నాను. ఆయాలు నవ్వారు. తరవాత వాణ్ణి కూర్చోబెట్టాను. కాసేపు గింజుకున్నాడు, ఆ పైన మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ఊరుకున్నాడు. వీధిలో లారీ పోయింది. చెయ్యి నోటి దగ్గరికి వెళ్లలేదు.

అన్నపూర్ణమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని అప్పుడు ఏడ్చింది. నాకూ ఆగలేదు. నా ఉద్యోగంలో అంతకంటే మంచి రోజు లేదు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

చూపించడం

వల ఊయల సంగతి వెంకటరత్నం గారు ఊరంతా చెప్పాడు. ఒక దాత ముందుకొచ్చి ధాన్యం కొట్టుని బాగుచేయించి నల్ల తెరలు, కొబ్బరి పీచు గోడ, నీళ్ల తొట్టి, మధ్యలో వల ఊయల, అన్నీ పెట్టించాడు. ప్రారంభానికి బ్యాండు మేళం పెట్టారు. శబ్దం పడని పిల్లల గదికి బ్యాండు మేళం! ఆ రోజు పిల్లలందరూ చెవులు మూసుకుని ఒకటే ఏడుపు. పెద్దవాళ్లు మాత్రం టెంకాయలు కొట్టి, దండలు వేసుకుని, ఫోటోలు దిగారు. నాకూ శాలువా కప్పారు, కప్పించుకున్నాను.

తరవాత చూసేవాళ్లు రావడం మొదలైంది. కాకినాడ నుంచీ, ఏలూరు నుంచీ, భీమవరం నుంచీ. వచ్చినవాళ్లు వలలో ముడుచుకుని పడుకున్న సూరిబాబుని చూసి పెదవి విరిచేవారు.

"బాగానే ఉన్నాడు కదండీ కుర్రాడు. వీడికేం జబ్బు?" అని ఒకాయన నన్నే అడిగాడు.

వెంకటరత్నం గారి మొహం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది. ఇంత కష్టపడి చేస్తే ఇదా మాట? మరోసారి చూసేవాళ్లు వచ్చినప్పుడు సూరిబాబుని వల బయటే నిలబెట్టాను. వంటింట్లోంచి ఒక స్టీలు పళ్లెం తెప్పించాను. గరిటెతో వాడి వెనక ఠంగుమని కొట్టాను. వాడు కెవ్వుమని చెయ్యి కొరుక్కున్నాడు. వచ్చినవాళ్లు "అయ్యయ్యో" అన్నారు. అప్పుడు వాణ్ణి ఎత్తి వలలో వేశాను. కాసేపటికి ఊరుకున్నాడు. వచ్చినవాళ్లు "ఆహా" అన్నారు. చప్పట్లు కొట్టారు కూడా.

ఆ పళ్లెం నన్నెవరూ కొట్టమనలేదు. వెంకటరత్నం గారు చెప్పలేదు, పుస్తకంలో లేదు. నేనే కొట్టాను, ఒక్కసారి కాదు. ఎవరు వచ్చినా కొట్టాను. ఒక పదేళ్ల పిల్లాడికి ప్రపంచం మొత్తంలో ఏది నరకమో కనిపెట్టడానికి చదువుకున్నదాన్ని, అదే తెచ్చి వాడి చెవి దగ్గర మోగించాను, చూసేవాళ్లకి తేడా తెలియాలని. "ముందు ఇలా ఉండేవాడండి, తరవాత ఇలా అవుతాడండి" అని నవ్వుతూ చెప్పేదాన్ని. ఛీ!

వసారాలో కూర్చునే అన్నపూర్ణమ్మ గారు కిటికీలోంచి ఇదంతా చూస్తూనే ఉండేది. ఒక్కనాడూ అడ్డుపడలేదు. డాక్టరమ్మ గారు చేస్తున్నారు, అది వైద్యమే అయుంటుందనుకుంది. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది.

కొన్నాళ్లకి సూరిబాబు ఆ గది గుమ్మం చూస్తేనే చెయ్యి కొరుక్కోవడం మొదలెట్టాడు. వలలో వేసినా ఊరుకునేవాడు కాదు. ఎందుకో నాకు తెలియదా? తెలుసు. కానీ "ఎండలు కదమ్మా, చికాకు" అని తల్లికి సర్దిచెప్పాను. వేసవి సెలవులకి ఆవిడ వల ఒకటి అడిగి తీసుకుని పిల్లాడితో పాలకొల్లు వెళ్లిపోయింది. బడి తెరిచాక రాలేదు.

గొడౌనులో

దసరా దగ్గరపడుతుండగా అన్నపూర్ణమ్మ గారి చెల్లెలు బడికొచ్చి, అక్క ఒక్కసారి రమ్మంటోందని చెప్పింది. పండగ వెళ్లగానే పిల్లాణ్ణి ఆశ్రమానికి తీసుకుపోతారట. బస్సెక్కి వెళ్లాను.

వీధివైపు కొట్టు, వెనక ఇల్లు, దాని పక్కన గొడౌను. మిరపకాయల బస్తాల మధ్య దూలానికి వల వేలాడుతోంది. సూరిబాబు ఓ మూల గోడకి తిరిగి కూర్చుని ఉన్నాడు. చేతికి గుడ్డకట్టు. కట్టు మీద రక్తం.

"ఏంటమ్మా ఇది? ఇంతలా ఎప్పుడయింది?" అన్నాను.

"నాకూ అర్థం కావట్లేదండి," అందావిడ. "మీరు చేసినట్టే చేస్తున్నానండి. పొద్దున్నా సాయంత్రం ఒక్కపూట మానలేదు. మొదట పళ్లెం కొట్టి, వాడు కొరుక్కున్నాక ఎత్తి వలలో వేస్తున్నాను. నా హస్తవాసి మంచిది కాదేమోనండి. మీరు ఎలా కొట్టేవారో ఒక్కసారి చూపిస్తారా?"

గూట్లోంచి పళ్లెం తీసింది. తళతళలాడుతోంది.

"దీన్ని వంటకి వాడట్లేదండి. ఎంగిలి తగలకుండా వాడి వైద్యానికే విడిగా పెట్టాను," అంది.

మూలనున్న సూరిబాబు ఆ పళ్లెం చూశాడు. ఇంకా ఎవరూ కొట్టలేదు. కట్టు మీదే పళ్లు దించాడు.

అక్కడే బస్తా మీద కూర్చుండిపోయాను. చెప్పాలి. అది వైద్యం కాదమ్మా, వచ్చినవాళ్ల దగ్గర గొప్పకి చేశాను, నీ బిడ్డ ఇలా కావడానికి కారణం నేనే అని చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే షావుకారు గుమ్మంలోకి వచ్చి, కండువా తీసి, నమస్కారం పెట్టాడు. "ఏమంటారండి డాక్టరమ్మ గారూ? ఏమైనా మార్గం ఉందంటారా?" అన్నాడు.

ఆయన చేతులు జోడించి నిలబడ్డాడు. డాక్టరమ్మ గారు అన్న ఆ మాట వదులుకోవడం నా వల్ల కాలేదు.

"ఇంక పళ్లెం అక్కర్లేదమ్మా," అన్నాను. "ఆ దశ అయిపోయింది. ఈ క్షణం నుంచి ఏ శబ్దమూ చెయ్యకండి. వల అక్కడే ఉంచండి. ఎత్తి వెయ్యకండి, వాడంతట వాడు ఎక్కితే ఎక్కనివ్వండి."

అన్నపూర్ణమ్మ గారి మొహం వెలిగిపోయింది. "విన్నారా అండీ? పళ్లెం దశ దాటిపోయాడంట మన బాబు!" అని భర్త వైపు తిరిగింది. ఆయన కండువా మళ్లీ భుజాన వేసుకుని, "సరేనండి, మీరంతగా చెప్తుంటే ఉండనిద్దాం," అన్నాడు.

సూరిబాబు ఇంట్లోనే ఉండిపోయాడు. శబ్దం ఆగింది కదా, చెయ్యి మానింది. వాడే ఒకనాడు వలెక్కాడట. పెద్దయ్యాక ఆ గొడౌనులోనే కూర్చుని కొట్టుకి కాగితం పొట్లాలు చుట్టేవాడు. నేను అబద్ధమాడాను, పిల్లాడు దక్కాడు, పోనీలే అనుకున్నాను. నిజానికి నేను దక్కించుకున్నది నా పరువు. పిల్లాడు దక్కడం మా అదృష్టం.

మొగల్తూరు నుంచి

అన్నపూర్ణమ్మ గారు ఊరుకునే మనిషి కాదు. కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది, డాక్టరమ్మ గారి పళ్లెం వైద్యంతో మా బాబు బాగుపడ్డాడని. ఆ నోటా ఈ నోటా అది డెల్టా అంతా పాకింది. ఒకళ్లిద్దరు తల్లులు బడికొచ్చి ఆ వైద్యం చెయ్యమన్నారు. "మీ వాడికి అది సరిపడదమ్మా" అని పంపేశాను. అది కూడా అబద్ధమే, మర్యాదగా ఉండే అబద్ధం.

కొన్నేళ్ల తరవాత ఒకరోజు మొగల్తూరు దగ్గర్నుంచి చేపలమ్ముకునే ఒకావిడ వచ్చింది. ఆరేడేళ్ల పిల్లని కొంగుతో నడుముకి కట్టుకుంది. ఆ పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది. చూడగానే తెలిసిపోయింది నాకు. నేను నోరు విప్పేలోగానే ఆవిడ బుట్టలోంచి కొత్త స్టీలు పళ్లెం తీసి రెండు చేతులతో నా ముందు పెట్టింది.

"తవరే కొట్టాలంటండి. పాలకొల్లు షావుకారమ్మ గారు సెప్పారు. మా పిల్లకి కూడా కొట్టండమ్మా," అంది.

ఆ పళ్లెం మీద ధర కాగితం ఇంకా అంటుకునే ఉంది. ఇక నావల్ల కాలేదు. కూర్చోమని, మొదటినుంచీ ఉన్నదున్నట్టు చెప్పాను. అది వైద్యం కాదనీ, నలుగురి మెప్పు కోసం చేశాననీ, దానివల్ల ఆ పిల్లాడు ఇంకా పాడయ్యాడనీ, మానేశాకే బాగుపడ్డాడనీ. నా జీవితంలో మొదటిసారి చెప్పాను.

ఆవిడ అంతా విని, నా మొహంలోకి చూసింది.

"ఆ బాబుని నేను కళ్లారా సూసొచ్చానమ్మా. నిమ్మళంగా పొట్లాలు సుడతన్నాడు."

"నిజమే. కానీ అది పళ్లెం వల్ల కాదు. లోపలికి రా, వల ఊయల ఉంది, పిల్లని కూర్చోబెడదాం. అదే అసలు మందు."

"వలా?" అని నవ్వింది, ఏడుపులాంటి నవ్వు. "మా ఇంటినిండా వలలేనమ్మా. వల కోసమా మూడు బస్సులు మారి వచ్చింది?"

"అది కాదమ్మా, నా మాట విను..."

"సెయ్యనని సెప్పండి, ఎల్లిపోతాం. షావుకార్లకైతే ఇంటికెల్లి మరీ సేశారంట. మేం సేపలోల్లం అనే కదండీ! సెయ్యకపోతే మానెయ్యండి. సదువుకున్నోరు, అబద్దాలు ఎందుకండీ?"

పళ్లెం బుట్టలో పెట్టుకుంది. పిల్లని మళ్లీ నడుముకి బిగించి కట్టుకుంది. వెనకాలే గేటు దాకా పరిగెత్తాను. "అమ్మా, ఆగు, ఇంట్లోనైనా ఆ పళ్లెం కొట్టకు" అని అరిచాను. బస్సు చప్పుడులో విన్నదో లేదో తెలియదు. నా అరుపుకి ఆ పిల్ల మాత్రం చెవులు ఇంకా గట్టిగా నొక్కుకుంది.

తరవాత మొగల్తూరు వెళ్లాను. ఒకసారి కాదు, చాలాసార్లు వెళ్లాను. సముద్రం ఒడ్డున పల్లెలన్నీ తిరిగాను. "ఎవరికోసమండీ? ఏ పిల్ల?" అని అడిగేవారు. చెవులు మూసుకునే పిల్ల అని చెప్పేదాన్ని. "పేరేంటండీ?" అనేవారు.

ఆ రోజు నా తప్పు చెప్పుకునే హడావిడిలో ఆ పిల్ల పేరు అడగనే లేదు.